బిలానికీ బుగ్గకీ మధ్య: ఎర్రమల సున్నపురాయి కథ

మా ఇంట్లో వంటగది గట్టు నాపరాయిది. నున్నగా పాలిష్ పట్టిన నల్లబండ. చిన్నప్పుడు ఒకసారి నిమ్మకాయ పిండి, చెక్కని అక్కడే బోర్లించి పోయి ఆడుకున్నాను. సాయంత్రానికి ఆ చెక్క ఉన్నంత మేర గుండ్రంగా తెల్లటి మచ్చ పడింది. అమ్మ బూడిద పెట్టి తోమింది, తర్వాత సబ్బు పెట్టింది, పీచుతో రుద్దింది. పోలేదు. ఇప్పటికీ అలాగే ఉంది. వేలితో తడిమి చూస్తే చుట్టూ అద్దంలా ఉండి, ఆ మచ్చ దగ్గర మాత్రం గరుగ్గా తగులుతుంది. అంటే అది బండ మీద పడిన మరక కాదు. అక్కడ రాయే పోయింది, నిమ్మరసం కరిగించుకుపోయింది.

ఆ మచ్చ ఎందుకు పడిందో అర్థమైతే ఎర్రమల కొండలు అర్థమైనట్టే. బేలం గుహలు ఎందుకు ఉన్నాయి, యాగంటి కోనేటిలో నీళ్లు ఎండాకాలం కూడా ఎందుకు వస్తాయి, బేతంచర్లలో బండలు పలకల్లా ఎందుకు లేస్తాయి, ఉన్నట్టుండి పొలంలో భూమి ఎందుకు కుంగుతుంది, ఈ ప్రశ్నలన్నీ విడివిడిగా కనిపిస్తాయి గానీ అన్నీ ఒకే రాయి చుట్టూ తిరుగుతాయి. చాలామంది ఈ కొండల్ని ఎండిపోయిన, పనికిరాని కొండలు అనుకుంటారు. పక్కనే పచ్చగా నల్లమల ఉంది కదా, దాని ముందు ఇవి బోడిగా కనిపిస్తాయి. నేను చెప్పదలచుకున్నది దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఇవి నీళ్లు లేని కొండలు కావు, నీళ్లని లోపల పెట్టుకున్న కొండలు.

ముందు ఎక్కడున్నాయో చూద్దాం. నంద్యాల పక్కగా కుందూ నది పారే నల్లరేగడి లోయ ఉంది కదా, దానికి తూర్పున నల్లమల, పడమర ఎర్రమల. కర్నూలు దక్షిణం నుంచి మొదలై బేతంచర్ల, బనగానపల్లె, అవుకు, కొలిమిగుండ్ల మీదుగా కడప జిల్లాలోకి దిగి గండికోట దాకా సాగుతాయి. శిఖరాలున్న కొండలు కావివి. పైన బల్లపరుపుగా ఉండి, అంచుల్లో నిట్టనిలువుగా తెగినట్టు ఉంటాయి. దూరం నుంచి చూస్తే ఎవరో కత్తితో పైభాగం కోసేసినట్టు కనిపిస్తుంది.

ఇక్కడ ఒక తికమక విప్పాలి. ఎర్రమల మొత్తం సున్నపురాయి అనుకోవడం తప్పు. ఇది దొంతర పేర్చిన కుండల లాంటిది, ఒక్కో వరస ఒక్కో రాయి. అన్నిటికంటే అడుగున బనగానపల్లె క్వార్ట్‌జైట్, అంటే ఒకప్పటి ఇసుకా గులకరాళ్లూ గట్టిపడి ఏర్పడిన రాయి (ఈ ప్రాంతం వజ్రాలకు పేరు పడింది ఈ పొర వల్లే). దాని పైన నార్జి సున్నపురాయి, ఇది మందమైన పొర, నూరు మీటర్లు దాటి ఉంటుంది. ఆ పైన అవుకు షేల్, అంటే బంకమట్టి గట్టిపడి పొరలు పొరలుగా ఊడే మెత్తటి రాయి. దాని మీద పాణ్యం క్వార్ట్‌జైట్, ఇది గట్టిది, ఉక్కులాంటిది. ఇంకా పైకి కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేల్. గమనించారా, అన్నీ మన ఊళ్ల పేర్లే. 1872లో భారత భూగర్భ సర్వే సంస్థ తరఫున విలియం కింగ్ కడప, కర్నూలు రాళ్ల మీద పెద్ద గ్రంథమే రాశాడు, ఆ అధ్యయనం మీదే ఈ విభజన నిలబడింది. ఈరోజు ప్రపంచంలో ఎక్కడ భూగర్భశాస్త్రం చదివేవాళ్లయినా ఈ రాళ్ల గురించి మాట్లాడాలంటే పాణ్యం, అవుకు అని పలకాల్సిందే. బస్సులో వెళ్తూ కిటికీలోంచి చూసే బోర్డుల మీది పేర్లివి. నాకైతే ఈ సంగతి తెలిసినప్పుడు ఒళ్లు పులకరించింది.

కొండ పైభాగం బల్లపరుపుగా ఎందుకుందో కూడా ఈ దొంతరే చెబుతుంది. చాలాచోట్ల పైన టోపీలా ఉన్నది పాణ్యం క్వార్ట్‌జైట్. అది వానకీ ఎండకీ లొంగదు. కింద ఉన్న షేలూ సున్నపురాయీ మెల్లగా అరిగిపోతుంటే పైనున్న గట్టి పొర మాత్రం అంచుల్లో విరుగుతూ నిలువు గోడలా మిగులుతుంది. ఇక గండికోట దగ్గర పెన్నా కోసిన లోయ ఉంది కదా, ఆ ఎర్రటి గోడలు సున్నపురాయి కాదు. అవి ఇంకా పాతవైన కడప రాళ్లలోని క్వార్ట్‌జైట్. గండికోట లోయనీ బేలం గుహలనీ ఒకే ట్రిప్పులో చూసి రెండూ ఒకే రకంగా పుట్టాయనుకుంటారు చాలామంది. గండికోటలో నది రాయిని కోసింది. బేలంలో నీళ్లు రాయిని కరిగించాయి. ఆ రెంటికీ చాలా తేడా ఉంది.

సరే, కరగడం అంటే ఏమిటి? వాన నీళ్లు రాయిని ఎలా కరిగిస్తాయి, వాననీళ్లేమన్నా నిమ్మరసమా? ఒక రకంగా అవును. గాలిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్ వాన చినుకులో కొంచెం కరుగుతుంది, అప్పుడు ఆ నీళ్లు చాలా పల్చటి ఆమ్లం అవుతాయి. మనం తాగే సోడా లాంటిదే, కాకపోతే దానికంటే ఎన్నో రెట్లు పల్చన. ఆ నీళ్లు నేల మీద పడి మట్టిలోకి ఇంకేటప్పుడు అసలు పని జరుగుతుంది. మట్టిలో వేళ్లు ఊపిరి తీస్తాయి, కుళ్లిన ఆకుల్ని సూక్ష్మజీవులు తింటాయి, అందువల్ల మట్టి సందుల్లోని గాలిలో కార్బన్ డయాక్సైడ్ పైన గాలిలో ఉన్నదానికి పదుల రెట్లు ఎక్కువ ఉంటుంది. ఆ మట్టిని దాటుకుని కిందికి దిగిన నీళ్లకి పులుపు పెరుగుతుంది. సున్నపురాయి ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్. ఆ పులుపు తగలగానే అది నీళ్లలో కలిసిపోతుంది, చక్కెర కలిసినట్టు కంటికి కనపడకుండా. గ్రానైట్ మీదో క్వార్ట్‌జైట్ మీదో అదే నీళ్లు పడితే ఏమీ కాదు, జారిపోతాయంతే.

మా వైపు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది, గీజర్ ఏడాదికే మూలుగుతుంది, పప్పు ఉడకదు. ఆ తెల్ల పెచ్చు ఏమిటో ఇప్పుడు తెలిసే ఉంటుంది. కొండలో కరిగిన రాయి, మన గిన్నెలో మళ్లీ రాయి అయింది.

అయితే నీళ్లు రాతి ముద్దలోకి స్పాంజిలోకి ఇంకినట్టు ఇంకవు. నార్జి సున్నపురాయి చాలా దట్టమైన రాయి, దాని గుండా నీటి చుక్క పోదు. నీళ్లకు దారి ఇచ్చేది పగుళ్లు. ఈ రాయి పొరలు దాదాపు అడ్డంగా పడుకుని ఉంటాయి, వాటిని నిలువుగా కోస్తూ పగుళ్ల వరసలు ఉంటాయి, ఒక వరస ఒక దిక్కుకీ ఇంకో వరస దానికి అడ్డంగానూ. వెంట్రుకంత సందు చాలు. అందులోకి దిగిన నీళ్లు రెండు పక్కలా రాయిని నాకుతూ పోతాయి, సందు కొంచెం వెడల్పవుతుంది, వెడల్పయ్యేసరికి ఇంకొన్ని నీళ్లు అటే వస్తాయి, అవి ఇంకొంచెం కరిగిస్తాయి. నీళ్లు ఎక్కువ పట్టిన సందు పెరుగుతూ పోతుంది, తక్కువ పట్టిన సందు అలాగే మిగిలిపోతుంది. వేల ఏళ్లు, లక్షల ఏళ్లు ఇదే పని జరిగితే వెంట్రుకంత సందు మనిషి దూరేంత దారి అవుతుంది. ఇలా నీటికి కరిగే రాయి వల్ల ఏర్పడే నేలను ప్రపంచమంతా కార్స్ట్ అంటారు, స్లోవేనియా, ఇటలీ సరిహద్దులో ఉన్న ఒక రాతి పీఠభూమి పేరది. ఆ నేలకు పైన వాగులు తక్కువ, లోపల వాగులు ఎక్కువ.

మనకి ఆ పేరు అరువు తెచ్చుకోవాల్సిన అవసరం కూడా లేదనిపిస్తుంది నాకు, ఎందుకంటే మన భాషలో ఈ నేలకు సరిపడా మాటలు ఎప్పటి నుంచో ఉన్నాయి. నీళ్లు లోపలికి పోయే చోటు బిలం. నీళ్లు బయటికి ఉబికే చోటు బుగ్గ. బిలం నుంచే బేలం వచ్చింది. బేతంచర్ల దగ్గరి గుహల్ని బిల్లసర్గం అంటారు. పల్నాడులో గుత్తికొండ బిలం ఉంది, అదీ సున్నపురాయి గుహే. ఇటు చూస్తే ఓర్వకల్లు వైపు కాల్వబుగ్గ, తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరుడు, కడపలో బుగ్గవంక. ప్రతి బుగ్గా సున్నపురాయి బుగ్గే అని నేను అనడం లేదు, కానీ రాయలసీమ మ్యాపు ముందేసుకుని బిలాలూ బుగ్గలూ పెన్సిల్‌తో గుర్తు పెడుతూ పోతే నీళ్లు ఎక్కడ మునిగి ఎక్కడ తేలతాయో పూర్వీకులు ఎంత శ్రద్ధగా గమనించారో కనిపిస్తుంది. వాళ్లకి బోరు మిషను లేదు. పేరు పెట్టి గుర్తు పెట్టుకున్నారు.

బేలం సంగతికి వద్దాం. మొదటిసారి వెళ్లేవాళ్లు కొండ ఎక్కాలనుకుని బూట్లు వేసుకుని వస్తారు. తీరా చూస్తే గుహ కొండలో లేదు. చదునైన నేల, చుట్టూ పొలాలు, మధ్యలో బావిలాంటి గుంటలు. ఆ గుంటల్లో ఒకదానిలోంచే మెట్లు దిగి లోపలికి వెళ్తాం. కింద దారి ఏర్పడి, దాని పైకప్పు ఒకచోట పల్చబడి కూలితే ఆ గుంట తెరుచుకుంటుంది. అంటే మనం గుహ తలుపులోంచి పోవడం లేదు, కూలిన కప్పులోంచి దిగుతున్నాం.

ఇప్పటిదాకా కొలిచిన పొడవు 3,229 మీటర్లు. అందులో సుమారు కిలోమీటరున్నర మేర మనల్ని తిరగనిస్తారు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త దీన్ని చూసి నమోదు చేశాడు, ఆ తర్వాత దాదాపు వందేళ్లు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1982, 1983ల్లో డేనియల్ గెబౌర్ అనే జర్మన్ గుహ పరిశోధకుడి బృందం వచ్చి లోపల పాకుతూ, కొలుస్తూ వివరంగా మ్యాపు గీసింది. మధ్యలో ఒక కాలంలో చుట్టుపక్కల వాళ్లు ఆ గుంటల్లో చెత్త పోసేవాళ్లు కూడా. బేలం గ్రామస్థులే పట్టుబట్టి తిరగ్గా తిరగ్గా ప్రభుత్వం కదిలింది, పర్యాటక సంస్థ లోపల దారులూ లైట్లూ గాలి గొట్టాలూ పెట్టి 2002లో తెరిచింది.

లోపలికి వెళ్లినప్పుడు గైడు చూపించే శివలింగాలూ మర్రి ఊడలూ చూడండి, తప్పకుండా చూడండి, కోటిలింగాల దగ్గర నిలబడితే ఎవరికైనా చేతులు జోడించాలనిపిస్తుంది. కానీ రెండు నిమిషాలు గోడల వైపు కూడా చూడమని నా మనవి. దారి పొడవునా గోడలు నీళ్లు రాసుకుపోయినట్టు నున్నగా ఉంటాయి. కొన్నిచోట్ల పైకప్పులో బోర్లించిన చట్టిలా గుండ్రటి గుంటలు కనిపిస్తాయి. పైకప్పు దాకా నీళ్లు నిండి, మెల్లగా సుడి తిరుగుతూ రాయిని అన్ని వైపుల నుంచీ కరిగిస్తేనే అలాంటి ఆకారం వస్తుంది. అంటే ఇప్పుడు మనం చెమటలు కక్కుకుంటూ నడుస్తున్న ఈ దారి ఒకప్పుడు అంచుల దాకా నిండిన నీటి గొట్టం. ఇంకొంచెం గమనిస్తే దారులు ఉన్నట్టుండి లంబకోణంలో తిరుగుతాయి. ఇందాక చెప్పిన రెండు పగుళ్ల వరసలు అవే. నీళ్లకు తెరిచి ఉన్న పగులు ఏ దిక్కున ఉంటే దారి ఆ దిక్కునే పోయింది. మ్యాపులో చూస్తే బేలం పాత పట్నంలోని సందుగొందుల్లా కనిపించేది అందుకే.

మరి వేలాడే రాళ్లు, స్టాలక్టైట్లు? అది కథలో రెండో భాగం, పూర్తిగా ఉల్టా నడిచే భాగం. భూగర్భ జలం కిందికి దిగిపోయి గుహ ఖాళీ అయ్యాక గాలి చేరుతుంది. పైనుంచి రాయిని కరిగించుకుని వచ్చిన నీటి చుక్క పైకప్పులోంచి బయటికి వచ్చి అక్కడ వేలాడుతుంది. సోడా మూత తీస్తే గ్యాస్ బుస్సుమని పోయినట్టు, ఆ చుక్కలోని కార్బన్ డయాక్సైడ్ గుహలోని గాలిలోకి వెళ్లిపోతుంది. పులుపు తగ్గిన నీళ్లు అంత రాయిని మోయలేవు, అందులో కొంత పైకప్పుకి అంటించి పోతాయి. కింద పడ్డ చోట మిగతాది వదులుతాయి. పైది కిందికి, కిందిది పైకి పెరుగుతూ ఎప్పుడో ఒకనాటికి కలిసి స్తంభం అవుతాయి. సాధారణంగా ఈ పెరుగుదల ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు, అటూ ఇటూగా. ఈ లెక్కన జానెడు రాయికి రెండు వేల ఏళ్లు పడుతుంది. పిల్లలు జ్ఞాపకం కోసం విరుచుకుపోయే ముక్క అదే! చేత్తో ముట్టుకున్నా నష్టమే, చర్మం మీది జిడ్డు అంటితే నీళ్లు అక్కడ సరిగ్గా పట్టవు, పెరుగుదల దెబ్బతింటుంది. బేలంలో సప్తస్వరాల గుహ దగ్గర రాళ్లని కొడితే సంగీతంలా మోగుతాయి. దయచేసి వినిపించమని గైడుని బతిమాలకండి.

యాగంటి బసవన్న పెరుగుతున్నాడా లేదా అని ఈ వ్యాసం చదివేవాళ్లలో సగం మంది అడుగుతారని నాకు తెలుసు. ఒకప్పుడు నంది చుట్టూ ప్రదక్షిణ చేసేవాళ్లమనీ, ఇప్పుడు చోటు చాలదనీ పెద్దవాళ్లు చెప్తారు. అది భక్తుల విశ్వాసం, దాన్ని కెమిస్ట్రీతో తూచే పని నేను పెట్టుకోను. గుహల్లో రాయి పెరగడం మాత్రం ఇందాక చెప్పిన తీరులోనే.

యాగంటిలో నాకు అంతకంటే అద్భుతంగా అనిపించేది కోనేరు. ఎండాకాలం మధ్యాహ్నం బనగానపల్లె నుంచి ఆ రోడ్డున పోతుంటే రెండు పక్కలా గడ్డి కూడా మాడిపోయి ఉంటుంది, గేదెలు నీడ కోసం వెతుక్కుంటుంటాయి. అలాంటి చోట గుడి మెట్లెక్కి లోపలికి పోతే నంది నోట్లోంచి చల్లటి నీళ్లు అదే ధారగా పడుతుంటాయి. వానాకాలం పడిన చినుకు కొండ పైనున్న పగుళ్లలోకి దిగి, వెంటనే బయటపడకుండా, రాతి పొరల్లో నెలల తరబడి నింపాదిగా నడుస్తుంది. కిందికి పోతూ పోతూ నీళ్లను దాటనివ్వని షేల్ లాంటి పొర తగిలితే ఇక దిగలేదు, ఆ పొర మీదుగా పక్కకి జారి కొండ వాలులో ఎక్కడో బయటికి వస్తుంది. ఎర్రమలలో ఊటలకు ఇదే మూలం. పైన వాన పడడం, కింద ఊట రావడం మధ్య ఇంత ఆలస్యం ఉంది కాబట్టే ఏప్రిల్‌లోనూ నీళ్లుంటాయి. మహానంది కోనేరు కూడా ఇలాగే ఏడాది పొడవునా పారుతుంది గానీ అది నల్లమల పాదంలో ఉంది, దాని లెక్క వేరు.

ఈ ఊటలే ఎర్రమల చరిత్రను రాశాయి. యాగంటి గుడి కట్టించిన విజయనగర కాలం నాటి సంగతి కాదు నేను చెప్పేది. బనగానపల్లె దగ్గర జుర్రేరు అనే వాగు లోయలో జ్వాలాపురం అని ఒక ఊరుంది. అక్కడి నేలలో తెల్లటి బూడిద పొర ఉంది, కొన్నిచోట్ల రెండు మీటర్లకు పైగా మందం. ఆ బూడిద ఇక్కడిది కాదు. సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రా దీవిలో తోబా అగ్నిపర్వతం పేలినప్పుడు గాలిలో కొట్టుకొచ్చి పడింది. గిన్నెలు తోమే పొడి కోసం తవ్వి లారీలకెత్తిన బూడిద అది. పురావస్తు శాస్త్రవేత్తలు మైఖేల్ పెట్రాగ్లియా, ధార్వాడ్‌లోని కర్ణాటక విశ్వవిద్యాలయానికి చెందిన రవి కొరిశెట్టర్‌ల బృందం అక్కడ తవ్వి చూస్తే బూడిద కింద రాతి పనిముట్లు దొరికాయి, బూడిద పైనా అలాంటివే దొరికాయి. 2007లో ఆ సంగతి ప్రకటించినప్పుడు పెద్ద చర్చే నడిచింది, ఎందుకంటే అంత పెద్ద పేలుడు తర్వాత కూడా ఇక్కడ మనుషులు నిలదొక్కుకున్నారని దాని అర్థం. ఎలా నిలబడ్డారు? కడప, భీమా లాంటి పాత రాతి బేసిన్లలో (ఒకప్పుడు పొరలు పేరుకుని రాయైన పల్లపు ప్రాంతాలివి) ఎండని ఊటలున్నాయి, అందుకే ఆదిమానవులు వాటిని వదల్లేదని కొరిశెట్టర్ వాదన. రాయలసీమ అంటే కరువు అని ఒక్క మాటలో తేల్చేస్తాం గానీ, వేల తరాల పాటు ఇక్కడ బతకొచ్చని తెలిసే బతికారు మనుషులు.

సున్నపురాయి ఇంకో మేలు కూడా చేసింది, ఎముకల్ని దాచింది. పుల్లటి ఎర్రమట్టిలో ఎముక పడితే కొన్నాళ్లకే కరిగిపోతుంది, సున్నం నిండిన గుహ మట్టిలో పడితే వేల ఏళ్లు నిలుస్తుంది. బిల్లసర్గం గుహల్లో ఎముకలున్నాయని కెప్టెన్ న్యూబోల్డ్ 1844లోనే రాశాడు. నలభై ఏళ్ల తర్వాత ఇంగ్లండులో ఉన్న ప్రసిద్ధ జీవశాస్త్రవేత్త థామస్ హక్స్‌లీ ఆ గుహల్ని తవ్వించమని మద్రాసు గవర్నర్‌కి చెప్తే, ఆ పని ఫుట్‌కి అప్పగించారు. ఆయన మొదలుపెట్టాడు, సైన్యంలో ఉన్న ఆయన కొడుకు హెన్రీ కొనసాగించాడు. బయటపడిన ఎముకల్లో ఖడ్గమృగానివి ఉన్నాయి! ఇప్పుడు దక్షిణాది అడవుల్లో ఎక్కడా కనపడని జంతువు. ఆ ఎముకల్ని పరిశీలించిన రిచర్డ్ లిడెక్కర్ 1886లో దానికి కర్నూలు పేరే కలిపి పేరు పెట్టాడు. బేతంచర్ల వైపు ఖడ్గమృగం మేసేంత గడ్డీ, అది పొర్లేంత బురదా ఉండేవన్నమాట.

ఇక మనందరి ఇళ్లలోకి వచ్చిన నాపరాయి. సముద్రం అడుగున సున్నపు బురద మెల్లగా పొర మీద పొర పేరుకుని, మధ్యలో అప్పుడప్పుడు కొంచెం బంకమన్ను చేరి, అంతా గట్టిపడి ఏర్పడిన రాయి ఇది. వయసు కనీసం 50 కోట్ల ఏళ్ల పైమాటే. అందులో గవ్వలూ శంఖాలూ కనిపించవు, అంత పాతది. ఆ పొరల మధ్య అతుకు బలహీనంగా ఉంటుంది కాబట్టి పనివాళ్లు గడ్డపార మొన సందులో పెట్టి మెల్లగా ఎత్తితే బండ పలకలా లేస్తుంది. ఆ పని చూసి తీరాలి. బలంగా కొట్టరు. ముందు సుత్తితో అక్కడక్కడా తట్టి చప్పుడు వింటారు, ఖంగుమంటే ఒక లెక్క, డొల్లగా మోగితే ఇంకో లెక్క, ఆ తర్వాతే గడ్డపార. అలా లేచిన బండలే మా వైపు మిద్దెల కప్పులు, అరుగులు, దొడ్డి గోడలు, గడపలు. తాండూరు బండలూ షాబాదు బండలూ ఇలాంటి సున్నపురాయే, కాకపోతే అవి భీమా బేసిన్‌వి. అదే రాయిని పొడి చేసి, బంకమన్ను కలిపి కాలిస్తే సిమెంటుకి ముడిసరుకు. తాడిపత్రి నుంచి ఎర్రగుంట్ల దాకా సిమెంటు ఫ్యాక్టరీలు వరసకట్టింది ఈ పొర కోసమే.

ఈ రాయి వల్ల బతికే కుటుంబాలు వేలల్లో ఉన్నాయి, గనులు మూసేయండి అని సులువుగా అనలేను, అనను కూడా. కానీ ఒక సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. మామూలు నేలలో మురికి నీళ్లు ఇంకితే ఇసుకా మట్టీ వడకట్టి కొంత శుభ్రం చేస్తాయి. సున్నపురాయి నేలలో ఆ వడపోత లేదు. వెడల్పైన పగులులోకి పోయింది పోయినట్టే తిన్నగా భూగర్భ జలంలో కలుస్తుంది, గంటల్లోనో రోజుల్లోనో ఎక్కడో ఉన్న ఊటలోనో బావిలోనో తేలుతుంది. వాడిన గనిగుంటలో చెత్త పోయడం, పాలిష్ ఫ్యాక్టరీల తెల్ల బురదని వంకలోకి వదలడం, ఊరి మురికి కాలువని ఏదో బిలంలోకి మళ్లించడం, ఇవి మనకి కనపడకుండా పోతాయి కాబట్టి సమస్య తీరింది అనుకుంటాం. అది తాగే నీళ్ల ట్యాంకులో పోసినదానితో సమానం.

ఆ నీళ్లలో బతికే జీవులు కూడా ఉన్నాయి. ఆంధ్ర గుహల నీళ్లలో తెల్లగా, కళ్లు లేకుండా, రొయ్యకి దూరపు చుట్టంలా ఉండే చిన్న చిన్న జీవుల్ని ఇటీవలి కాలంలోనే గుర్తించారు. ఆ జాతికి ఆంధ్రకాయిడెస్ అని పేరు పెట్టారు. అందులో ఒకదానికి గెబౌర్ పేరు కలిపారు. తరతరాలుగా చీకట్లోనే ఉండి కళ్లు వదులుకున్న ప్రాణులవి, ఆంధ్ర పేరు పెట్టుకుని మన కాళ్ల కింద ఉన్నాయి. ఎంతమందికి తెలుసు?

భూమి కుంగడం గురించి కూడా చెప్పాలి, దాని చుట్టూ భయం ఎక్కువ. 2015 చివర్లో పెద్ద వానల తర్వాత కడప దగ్గర చింతకొమ్మదిన్నె మండలంలో కొన్ని పల్లెల్లో భూమి గుండ్రంగా కుంగిపోయింది. ఇళ్ల పక్కన, పొలాల్లో బావుల్లాంటి గుంటలు పడ్డాయి. జనం టెన్షన్‌తో రాత్రులు నిద్రపోలేదు, భూకంపమని కొందరూ ఇంకేదో అరిష్టమని ఇంకొందరూ అనుకున్నారు. నిజానికి బేలం ముఖద్వారం పుట్టిన తీరుకి ఇది దగ్గరి చుట్టమే. సున్నపురాయిలో ఖాళీలు ఎప్పటినుంచో ఉంటాయి, వాటి మీద మట్టి కప్పు ఉంటుంది. లోపల నీళ్లు నిండి ఉన్నంత కాలం ఆ మట్టిని అవి కింద నుంచి ఆనుకుని మోస్తాయి. వరస కరువులొచ్చి, బోర్లు లోతుకి పోయి నీళ్లు తోడేస్తే ఆ ఆసరా పోతుంది. తర్వాత ఒక్కసారిగా కుండపోత కురిస్తే పైనున్న మట్టి నానిపోయి బరువెక్కి, ఖాళీలోకి జారిపోతుంది. అవుకు దగ్గర కాలువ సొరంగం తవ్వినప్పుడు కూడా కొండ లోపల రాయి నలిగి వదులైపోయిన చోటు ఎదురై, మట్టి కూలుతూ పని ఏళ్ల తరబడి ఆగింది. పైకి గట్టిగా కనిపించే కొండ లోపల అంతా ఒకేలా ఉండదు.

బేలంలో మెట్లు దిగుతూ దిగుతూ పోతే చివర్న, ప్రవేశం నుంచి 46 మీటర్ల లోతులో పాతాళగంగ వస్తుంది. చాలామంది ఉక్కకి తట్టుకోలేక అంతదూరం రాకుండానే తిరిగిపోతారు. అక్కడ ఆగి చూస్తే చిన్న నీటి పాయ, అరచేతిలో పట్టేంత, ఒక రాతి పక్క నుంచి వచ్చి ఇంకో రాతి కిందికి పోయి మాయమవుతుంది. ఏడాది పొడవునా ఉంటుంది. అది ఎక్కడికి పోతుందని అడిగితే బేలం ఊరి వాళ్లు వెంటనే చెప్తారు: ఇక్కడికి రెండు కిలోమీటర్ల దూరంలో, మా ఊరి బావిలోకి.